అర్జీ మీద మొదటి సంతకం

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈరోజే నీ కూతురి నర్సు లైసెన్సు మీద పాడేరులో విచారణ. సాక్ష్యం చెబుదామని నేనూ వెళ్లాను. రెండు రోజులు ఆసుపత్రికి తాళం వేసి ఎటో పోయిందని ఫిర్యాదు. నిజానికి ఆ రెండు రోజులూ నిండు చూలాలి డోలీ వెంట కొండ దిగి, కాన్పయ్యేదాకా ఆమె పక్కనే ఉంది.

"ఎవులు రాసేరో గానీ ఆల సెయ్యి ఇరిగిపోను!" అని వరండాలో అందరికీ వినబడేలా తిట్టాను.

లోపల అధికారి ఫిర్యాదు చూపించాడు. అక్కా, మొదటి సంతకం నాది!

మొన్నామధ్య సంతలో, నీ కూతురు ఉచితంగా మందులిస్తోందని కడుపుమంటతో ఉన్న మందుల కొట్టువాడు "రోడ్డుకి అర్జీ, బేగి సంతకం ఎట్టు బావా" అంటే, ఉల్లిపాయలు తూస్తూ చదవకుండా పెట్టేశాను. నన్ను చూసి ఊరంతా వేలిముద్రలేసింది.

జరిగింది చెప్పాను.

"ఇంతకీ మీరు ఎవరి తరఫున వచ్చారు?" అన్నాడు అధికారి.

"నా తరఫునేనండి. మా మావయ్య," అంది నీ కూతురు, నావైపు చూడకుండానే.

తీర్పు ఇంకా రాలేదు. వేలిముద్రలేసిన వాళ్లందరినీ రేపు జీపెక్కించి పాడేరు తీసుకెళ్తున్నాను. దేని మీద వేలు వేశారో వాళ్లకింకా తెలీదక్కా.