బండి జాగాలో ముగ్గు

రాయపూర్, 9-11-97

అమ్మకు పరదేశి నమస్కరించి రాసేది. నేను పనిచేసే బట్టల షాపు ముందు స్కూటర్లు నింపేస్తున్నారని, చేత్తో తిప్పుకునే నా మూడు చక్రాల బండికి చోటుండటం లేదని ఇక బెంగపడకు. నీ కోడలు దాలమ్మ రోజూ పొద్దున్నే వచ్చి, మెట్ల పక్కన నీళ్ళు చల్లి, బండి పట్టేంత ముగ్గేసింది. దాని మీదికి చక్రం ఎక్కించడానికి ఎవరికీ మనసొప్పలేదు. వారం రోజులు చూసి మా సేఠ్, "బేటీ, కల్ సే మత్ ఆనా" అని రేపట్నుంచి రావద్దన్నాడు. హడలిపోయాం. మర్నాడు చూస్తే ఆ ముగ్గు గీతల మీదే పసుపు పెయింటు, మెట్ల పక్కన సిమెంటు వాలు!

నిన్న నేను వెళ్ళేసరికి అక్కడ ఇంకెవరిదో మూడు చక్రాల బండి ఉంది. చోటు దొరకనందుకు మొదటిసారి సంతోషించాను.

నాన్న దగ్గు తగ్గిందా? చింతపండు అక్కర్లేదు, ముగ్గుపిండి పంపు. పక్కన రెండో ముగ్గు వేస్తానని దాలమ్మ అప్పుడే బకెట్టు పట్టుకుని నిలబడింది.