ఔన్సుల మీద స్టిక్కరు

ఖాదర్ భాయ్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. దుబాయ్ అల్ ఖూజ్ గోడౌన్‌లో పాలపొడి డబ్బాలకు అరబీ స్టిక్కర్లు ఇంకా నేనే అంటిస్తున్నాను. నువ్వు చేసినట్టే, నీళ్ల కొలత దగ్గర పెద్దక్షరాల ఔన్సులు కప్పేసి, కింద చీమ తలంత ఉన్న మిల్లీలీటర్లు మాత్రం వదిలేస్తున్నాను.

నువ్వు ఇంటికి పంపిన డబ్బా మీద కూడా ఔన్సులే ముందు కనబడ్డాయి. ఔన్సంటే ఎంతో మీ ఊళ్లో ఎవరికి తెలుసు? నీళ్లు తక్కువ పోసి చిక్కగా కలిపారు. నీ పాప దక్కలేదు. ఆ తర్వాతే కదా నువ్వు ఔన్సులు కప్పడం మొదలుపెట్టావు.

ఇవాళ ముదీర్, అదే మన మేనేజరు, ఔన్సులు కప్పొద్దన్నాడు. అవి కనబడితేనే అమెరికా సరుకని కొంటారట. "సార్, మిల్లీలీటర్లొక్కటే అచ్చేయమని కంపెనీకి రాయండి" అని కాళ్లు పట్టుకున్నంత పని చేశాను.

"అరే, ఈ డబ్బాలు మీ ఊరికి పోతాయా? యల్లా, కామ్ చెయ్!" అన్నాడు.

సాయంత్రం క్యాంపు బస్సులో నా పక్కన అనంతపురం ఆయన కూర్చున్నాడు. ఒళ్లో సంచి, అందులో అవే డబ్బాలు రెండు.

"రేపు ఊరికి పోతాండా అన్నా. బిడ్డకు అమెరికా పాలు."

ఔన్సుల సంగతి చెప్పాను. తలూపాడు. కానీ ఇంటి దగ్గర పాలు కలిపేది ఆయన కాదు కదా!

జేబులన్నీ తడుముకున్నాను భాయ్. రెండు డబ్బాలకు స్టిక్కరు ఒక్కటే దొరికింది.