గొంగడి మరిచిపోయిన రోజు

12 నవంబర్ 1989, ఆదివారం
రామన్నపేట

రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను. నేను లోపల మనిషిని కాదు, మేకను.

అవ్వకు మోకాలు వాచిందని, హాస్టల్ నుంచి సెలవుకు వచ్చిన నేనే ఈ రోజు మేకలను గుట్టకు తోలుకుపోయాను. "నా గొంగడి కప్పుకొని పో బిడ్డా. నా వాసన లేకుంటే గవి నిన్ను దగ్గరికి రానియ్యవు," అంది అవ్వ. పుస్తకం పట్టుకుపోయాను, గొంగడి మరిచిపోయాను.

అయినా అవి బెదరలేదు. చెప్పులు విప్పి వాటి వెనకే నిటారు బండ ఎక్కాను. దారి నా కాళ్లకు ముందే తెలుసు. పైన కూర్చుంటే మేకపోతు వచ్చి నా వీపుకు ఆనుకుని పడుకుని నెమరు వేసింది. కాన్వెంటు హాస్టల్లో అంతమంది మధ్య నాకెన్నడూ లేని నెమ్మది అది. చిన్నప్పటినుంచీ నాలో ఉన్న వింత ఏమిటో అక్కడే తెలిసింది.

సిస్టర్‌కు చెబితే ప్రార్థన చేయమంటుంది. బాపు దవాఖానకు తీసుకుపోతాడు. అవ్వ కూడా పిచ్చి అనుకుంటే? దారంతా అదే భయం.

దొడ్డి దగ్గర చెప్పేశాను. "అవ్వా, నేను గూడ మేకనే అనిపిస్తాంది."

"నీకు గిప్పుడు ఎర్కైందా? పుస్తకాల మూలలు నమిలినప్పుడే నాకు ఎర్కైంది," అంది అవ్వ, నవ్వకుండా.

రోజూలాగే ఒక్కొక్క మేక వీపు తట్టి లెక్కపెడుతూ లోపలికి పంపింది. ఇరవై మూడూ వచ్చాయి. నేను తడిక మూయబోతుంటే నా వీపు మీద చెయ్యి పడింది.

"ఇరవై నాలుగు," అంది. "ఇగ మూయి."