మక్కగారెలు ఎవరికని అడిగితే

మెదక్, భాద్రపదం

అక్కకు దండాలు. రాతల తప్పులున్నా, అక్షరాలు వంకరున్నా ఏమనుకోకు. టపాల వేస్తే నలుగురు చదువుతరని కార్డు గాజులామె చేతికిస్తున్న.

సంఘంల తిరిగే మా మరిది జరంతో వచ్చి, పోలీసులకు దొరకకుండ మా అటుకమీద దాగిండు. మొన్న మక్కగారెలు చేస్తుంటే పక్కింటి యాదవ్వ వచ్చి, "ఇద్దరున్న ఇంట్ల గిన్ని గారెలు ఎవలికే పిల్లా?" అన్నది. భయానికి, "నాకే అత్తా, కడుపుతోనున్న" అనేసిన. అప్పటిసంది వాడోళ్లు రోజుకొకటి వండి తెస్తున్నరు. ఎదురుంగ కూసుండి తినిపిస్తున్నరు, కదలరు. పైన మరిది దగ్గుతడేమోనని నాకు ముద్ద దిగుతలేదు.

జరమున్నోళ్లకు గారెలు పెట్టొచ్చునా?

ఈ మాట మన ఊరికొస్తది. అడిగినోళ్లకు అవుననే చెప్పుండ్రి. అమ్మ మాత్రం సంబురపడి గంప ఎత్తుకొని రావొద్దు. నిజం కాదని ఆమెకు మెల్లగ చెప్పు. చెప్పినంక ఈ కార్డు పొయ్యిల పెట్టు.

నీ చెల్లె
బాలలక్ష్మి