బంకమట్టి పూసిన గుంతలు

అమీర్‌పేట,
బుధవారం

అన్నయ్యకు,

పొద్దుటి నుంచి మబ్బు పట్టి ఉంది, వాన లేదు. గాలి కూడా లేదు. ఆరింటికే గుంతలో నిలిచిన నీళ్ళు తోడి, దిగి రాళ్ళు పైకి తీయడం మొదలుపెట్టాను. ఇప్పుడు మూడయింది. నిన్న ఒక గుంత అయింది, ఇవాళ రెండోది సగం ఖాళీ అయింది. మోటారు గది మెట్టు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. వేళ్ళు వాచి అక్షరాలు వంకరగా పడుతున్నాయి, ఇంకేమీ అనుకోకు. నేను బాగానే ఉన్నాను. నువ్వూ వదినా పిల్లలూ ఎలా ఉన్నారు? నీ నడుం నొప్పి తగ్గిందా? నర్సరీలో మొక్కలకు అంట్లు కట్టేటప్పుడు కూర్చుని కట్టు, వంగి కట్టకు. వరలక్ష్మినీ పాపనీ వాళ్ళ అమ్మగారింటికి వెళ్ళి ఒకసారి చూసి రా. నాకు ఒంట్లో బాగుందని చెప్పు. తిండి కూడా బాగానే ఉందని చెప్పు.

పోయిన ఉత్తరంలో పని సంగతి సరిగా రాయలేదు. ఇప్పుడు రాస్తాను.

ఇక్కడ నేల కనపడదు. ఇంటికీ గోడకీ మధ్య నాలుగడుగుల సందు మిగిలినా బండలు పరిచి సిమెంటు పోస్తారు. వాన నీళ్ళు డాబా మీద నుంచి గొట్టంలోకి, గొట్టం నుంచి రోడ్డు మీదకి, అక్కణ్ణుంచి నాలాలోకి పోతాయి. ఎండాకాలం బోర్లు ఎండిపోతాయి. అప్పుడు అయిదంతస్తుల వాళ్ళూ బకెట్లు పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడతారు. మా వీధి నిండా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. పంజాగుట్ట వైపు రోడ్డు వెడల్పు చేస్తూ ఉన్న చెట్లు కూడా కొట్టేశారు. ఆ రోడ్డు మీద మధ్యాహ్నం నడిస్తే బట్టీ పక్కన నడిచినట్టు ఉంటుంది.

నన్ను పనిలో పెట్టుకున్న మూర్తి గారు ఈ అపార్టుమెంటు కమిటీకి పెద్ద. తణుకు వైపు వారు, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆయన అందరితో పోట్లాడి బిల్డింగు చుట్టూ బండలు పీకించారు. ఆ మట్టిలో చెట్లు వెయ్యాలి, డాబా నీళ్ళన్నీ ఆరు ఇంకుడు గుంతల్లోకి పంపాలి, భూమి మళ్ళీ తడవాలి, బోరు బతకాలి. అది ఆయన ఆలోచన. నేను కడియం వైపు నర్సరీలో పెరిగానని తెలిసి, మట్టీ మొక్కా తెలిసినవాడని నన్ను మేస్త్రీగా పెట్టారు. పని కుదిరితే మోటారు గది పక్క గది నాకిస్తామన్నారు. అది వస్తే పాపని ఇక్కడే బడిలో వేసుకోవచ్చు. పంజాగుట్టలో ఒక ఆఫీసు బిల్డింగు వాళ్ళు కూడా ఇదే పని చేయించుకుంటామని వచ్చి చూసి వెళ్ళారు.

గుంతలు తవ్వడానికి పాలమూరు నుంచి యాదయ్య, అతని భార్య బాలమణి వచ్చారు. గోడ వారన గుడిసె వేసుకున్నారు. ఇక్కడ కిందంతా మొరం, దాని కింద రాయి. మన లంకల్లో పారతో తవ్వినట్టు కాదు, ప్రతి జానెడూ గడ్డపారతో పొడవాలి. ఇద్దరూ ఆరు గుంతలు నిలువు లోతు తవ్వారు. నాకు ఊళ్ళో తోడు వాళ్ళే. నేను మెస్సులో సాంబారు తినలేక మానేస్తే బాలమణి జొన్నరొట్టె పెట్టేది. ఒకసారి కూరగాయలకు ఎర్రగడ్డ రైతుబజారుకి వెళ్ళొస్తానంటే యాదయ్య, "నువ్వు మొక్కలతోని మాట్లాడుడు చూస్తున్నరు అన్నా, జర జల్ది మళ్ళిరా, లేకుంటే ఆడ పిచ్చి దవాఖానలనే ఉంచుకుంటరు" అన్నాడు. అలాంటి మనిషి.

ఇప్పుడు నేను చేసింది చెప్తాను. అమ్మతో అనకు.

మూర్తి గారు నాకు మొదటి రోజే ఒక మాట చెప్పారు, ఒక్క చుక్క బయటికి పోకూడదని. నాకు ఆ మాటే తలకెక్కింది. మన దగ్గర నీరు ఇంకిపోయిందంటే నష్టం కదా. చేలో నీరు ఇంకిపోతే గట్టుకి ఎండ్రకాయ బొరియ పడిందేమోనని వెతుకుతాం. నర్సరీలో నీళ్ళ గుంట తవ్వితే నువ్వూ నేనూ బంకమట్టి మెత్తి, కాళ్ళతో తొక్కి, పగులు లేకుండా చేసేవాళ్ళం. ఇంకుడు గుంత అన్న మాట నాకు పేరుగానే వినపడింది గానీ అందులో అర్థం ఎక్కలేదు. ఎండాకాలానికి చెట్ల కోసం నీళ్ళు నిలవ ఉంచే గుంతలనుకున్నాను. మొక్కల కోసం ట్రాక్టరులో తెప్పించిన చెరువు మట్టిని తడిపి, ఆరు గుంతలకీ అడుగునా గోడలకీ జానెడు మందాన మెత్తాను. దాని మీద రాళ్ళు, కంకర, ఇసుక నింపించాను.

మెత్తుతుంటే యాదయ్య పైనుంచి చూసి అడిగాడు. "ఏంది అన్నా, గుంతకి గిలాబు చేస్తున్నవ్, పెండ్లి ఇల్లు లెక్క? నీళ్ళు తాగేది నేల. దాని నోరు మూస్తివంటే ఎట్ల తాగుతది?"

మట్టి సంగతి నాకు చెప్పొద్దన్నాను. గడ్డపార పని వేరు, మట్టి పని వేరు అని కూడా అన్నాను. అతను రాళ్ళు అందించాడు.

ఆదివారం మధ్యాహ్నం వాన పడింది. గంటసేపు పడింది. డాబా నీళ్ళు గొట్టాల్లో దిగి ఆరు గుంతలూ పావుగంటలో నిండిపోయాయి. ఇంక దిగలేదు. నిండి పొర్లి, బండలు పీకిన మట్టిని కూడా కలుపుకుని సెల్లారులోకి పోయాయి. సెల్లారులో కంప్యూటర్ నేర్పే ఇన్‌స్టిట్యూట్ ఉంది. పిల్లలు కుర్చీల మీద నిలబడి, కంప్యూటర్ డబ్బాలు నెత్తిన పెట్టుకుని పైకి మోశారు. కరెంటు ముందే ఆపారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మాట నీకు ముందే రాయాల్సింది, ఎవరికీ ఏమీ కాలేదు. ఇవాళ్టికి గుంతల దగ్గర వేప, కానుగ మొక్కలు తొమ్మిది ఆకు రాల్చేశాయి. వాటి వేళ్ళు ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి.

సోమవారం కమిటీ కూర్చుంది. మళ్ళీ బండలు పరిచి సిమెంటు పోయించమని అందరూ అన్నారు. ఇంకో వాన చూద్దామని మూర్తి గారు బతిమాలుకున్నారు. సరే, ఇంకో వాన, ఆ తరువాత మాట లేదన్నారు వాళ్ళు. తప్పు ఎక్కడ జరిగిందని అడిగారు. మూర్తి గారు నా వైపు చూడనే లేదు. యాదయ్యని పిలిచారు.

"రాళ్ళు నింపింది నువ్వేనా?"

"నేనే సార్."

"సరిగ్గా తవ్వకుండా నింపేశావా?"

"తవ్విన సార్."

"మరి నీళ్ళు ఎందుకు దిగలేదు? చెప్పేదేమన్నా ఉందా?"

యాదయ్య నన్ను చూశాడు. "ఉంటే గీ అన్న చెప్తడు" అన్నాడు.

నేను చెప్పలేదు. గొంతు పట్టుకుందని రాయను, గొంతు బాగానే ఉంది. గది గుర్తొచ్చింది, పాప బడి గుర్తొచ్చింది, నేల చూశాను. శుక్రవారానికల్లా గుడిసె తీసెయ్యమని, అంతదాకా గుంతల జోలికి రావద్దని వాళ్ళకి చెప్పారు. తరువాత మూర్తి గారు నన్ను పక్కకి పిలిచి, నువ్వు మనవాడివి, ఎలాగైనా సరిచెయ్యి అన్నారు. అదే సాయంత్రం పెళ్ళికని విజయవాడ వెళ్ళారు. గురువారం మధ్యాహ్నం వస్తారు.

నిన్న నేను మొదటి గుంతలో ఉండగా బాలమణి చెంబుతో నీళ్ళు తెచ్చింది. తాగి చెంబు ఇచ్చాక అంది, "నువ్వు ఊకున్నవ్ అన్నా. మంచిదే, నీకు పిల్ల ఉన్నది. గా బంకమట్టి మాత్రం మొత్తం గోకెయ్యి. సగం తీసి ఇడువకు. చెట్లు సచ్చిపోతయ్." తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

గోకి తీసిన చోట నీళ్ళు పోసి చూశాను. కళ్ళ ముందే దిగిపోయాయి. అంటే పని తప్పు కాదు, మూర్తి గారి ఆలోచన తప్పు కాదు, యాదయ్య తవ్వింది తప్పు కాదు. ఆరు గుంతలు, ఒక్కడిని. ఇలా అయితే పది రోజులు పడుతుంది. ఈ మబ్బు పది రోజులు ఆగదు. ఆగకపోతే గది పోవడమే కాదు, ఈ చెట్లన్నీ పీకి సిమెంటు పోస్తారు, పక్క వీధుల వాళ్ళు కూడా దీన్ని చూపించి ఇంకెవరినీ బండ ఎత్తనివ్వరు.

అందుకని అడుగుతున్నాను. నర్సరీ యజమానిని అడిగి వారం రోజులు రాగలవా? నడుం నొప్పిగా ఉంటే వద్దు, మీ పెదబాబుని పంపు. మొక్కల లారీ ఎక్కితే నేరుగా ఎర్రగడ్డలో దిగొచ్చు. వచ్చేటప్పుడు వట్టివేరు దుబ్బులు తడి గోనెలో కట్టి తెండి, గుంతల అంచు కోసుకుపోకుండా నాటాలి. రాలేకపోతే కార్డు ముక్క రాయి, ఎదురు చూడను. నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు.

మూర్తి గారు రాగానే జరిగింది చెప్పేస్తాను. గది ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. యాదయ్యా వాళ్ళు శుక్రవారం దాకా ఉంటారు కాబట్టి వాళ్ళ ముందే చెప్పొచ్చు. ఈ సంగతి వరలక్ష్మికి ఇప్పుడే తెలియనివ్వకు.

అమ్మ కాళ్ళకి నా బదులు నువ్వు దణ్ణం పెట్టు. పెదనాన్నగారినీ, మాస్టారినీ అడిగానని చెప్పు. వదినకి నమస్కారం, పిల్లలకి ముద్దులు. నువ్వు నన్ను దీవించి రాస్తే ఆ కాగితం నా దగ్గర ఉంచుకుంటాను.

నీ తమ్ముడు,
సత్తిబాబు

శుక్రవారం. ఉత్తరం ఇంకా డబ్బాలో వెయ్యలేదు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. వాన ఇంకా పడలేదు. రెండు గుంతలు అయ్యాయి. మూర్తి గారు నిన్న మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చారు. నేను చీకటి పడేదాకా గుంతలోనే ఉన్నాను, ఆయన దగ్గరికి వెళ్ళలేదు. యాదయ్య, బాలమణి ఇవాళ పొద్దున ఏడింటికి వెళ్ళిపోయారు.