స్టాంపు ఖర్చు లేని పసుపుకుంకుమ

అనకాపల్లి, 12-3-1946

శ్రీరామ

కె. కోటపాడులో కిరాణా కొట్టు చల్లగా నడుపుకుంటున్న బావగారు తాతబ్బాయి గారికి, బావ చిన్నారావు నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. బెల్లం ధర మాత్రం క్షేమంగా లేదు.

మా వీధి చివర మీకున్న ఖాళీ జాగా రెండు వేలకు నాకు అమ్ముతానన్నందుకు చాలా సంతోషం. పద్దెనిమిదేళ్లుగా బెల్లం కొట్టు మేడ మీద అద్దెకుంటున్నాం. అన్నంలో కూడా చీమలే. కిటికీ ఉన్న వంటిల్లు ఈ జన్మకు లేదని మీ చెల్లెలు పరమేశ్వరి రోజూ సణుగుతోంది. ఈ ఏడు ఇల్లు కట్టి తీరాలి.

కానీ దస్తావేజు రైటరు స్టాంపులకు చెప్పిన లెక్క వినేసరికి నాకు నీరసం వచ్చింది. ఆ డబ్బుతో ద్వారబంధాలు, తలుపులు వచ్చేస్తాయి. అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. పెళ్లిలో ఆడపిల్లకు పసుపుకుంకుమ కింద నోటిమాటగా ఇచ్చిన భూమికి దస్తావేజే అక్కర్లేదట. ఆ జాగా మా పెళ్లినాడే చెల్లెలికి ఇచ్చేశానని మీరొక కాగితం రాసిస్తే చాలు. రెండు వేలు మీ చేతికి, స్టాంపు డబ్బు నా జేబుకి.

మీ
చిన్నారావు

తా.క.: పరమేశ్వరికి ఈ సంగతి చెప్పలేదు. ఆడవాళ్లకు ఇవన్నీ అర్థం కావు.

కె. కోటపాడు, 20-3-1946

బెల్లం కంటే తియ్యని బుర్ర గల బావగారికి, తాతబ్బాయి నమస్కారాలు.

దానం చేసిన పేరూ రెండు వేలూ కలిసి వస్తుంటే వద్దనడానికి నేనెవర్ని? ఉత్త కాగితం ఎందుకని కరణం గారి ఎదుట ఇద్దరు సాక్షులతో రాయించి పంపుతున్నాను. ‘పెళ్లిపీటల వద్ద ఆనందబాష్పములతో ఇచ్చితిని’ అన్న ముక్క నా సొంతం.

ఇట్లు
తాతబ్బాయి

తా.క.: అది చదివి కరణం గారు కళ్లొత్తుకున్నారు. ఊళ్లో జనం నన్ను చూసి లేచి నిలబడుతున్నారు. ఈ పని ఇంకా ముందే చెయ్యాల్సింది.

అనకాపల్లి, 9-4-1946

దాతలలో మిన్న అయిన బావగారికి,

రెండు వేలూ ముట్టాయని తెలిసింది. ఇంటి ప్లానూ సిమెంటు పర్మిట్టూ పరమేశ్వరి పేరునే పెట్టాల్సి వచ్చింది గనుక సంగతి ఆమెకు చెప్పక తప్పలేదు. అంతా విని, “అయితే ఆ జాగా నాదేనేటి?” అని ఒక్కమాట అడిగింది. కాగితం వరకు నీదేనన్నాను. ఆ కాగితం తీసుకుని లోపలికి వెళ్లింది. చూశారా, ఎంత అమాయకురాలో.

ప్లానులో ముందు భాగమంతా బెల్లం గోదాము వేయించాను. మిగిలిన చోట్లో మేము సర్దుకుంటాం.

మీ
చిన్నారావు

తా.క.: వంటింటికి కిటికీ తీసేశాను. బెల్లానికి చెమ్మగాలి పడదు.

కె. కోటపాడు, 28-4-1946

బావగారూ, నమస్కారం పెట్టడానికి కూడా చేతులు ఖాళీ లేవు.

మా చిన్న చెల్లెళ్లు బుల్లమ్మా తలుపులమ్మా పిల్లలతో సహా బళ్లు కట్టుకుని దిగారు. “అక్కకి జాగా ఇచ్చేవు. మరి మాకేటిచ్చేవు అన్నయ్యా?” అని వీధి అరుగు మీద కూర్చున్నారు. ఇవ్వలేదందామంటే కరణం గారూ సాక్షులూ ఉన్నారు. అమ్మానని ఒప్పుకుంటే స్టాంపు ఎగ్గొట్టినవాణ్ణవుతాను. ఇది మీరు తెచ్చిపెట్టిన తంటా కాబట్టి ఇంకో వెయ్యి పంపండి.

తాతబ్బాయి

తా.క.: బుల్లమ్మ మొగుడు కూడా వచ్చాడు. నన్ను కర్ణుడంటూ మూడు పూటలా నెయ్యి పోయించుకుంటున్నాడు.

అనకాపల్లి, 6-5-1946

బావగారికి,

దమ్మిడీ పంపను. నా గొడవ వినండి. ప్లాను మీద సంతకం పెట్టమంటే పరమేశ్వరి నా ప్లాను మడిచి పొయ్యిలో పెట్టింది. తనే వేరే ప్లాను వేయించింది. అందులో గోదాము లేదు. “కొట్లో బెల్లం ఉంటాది, ఇంట్లో మనుషులుంటారు” అంటోంది. తాపీవాళ్లు కూడా ఆవిడ మాటే వింటున్నారు.

ఆ దానం అబద్ధమని రాసి, నాకు సరిగ్గా అమ్మకం దస్తావేజు రాసివ్వండి. స్టాంపులకు రెట్టింపైనా పెడతాను.

చిన్నారావు

తా.క.: ఈ ఉత్తరం పరమేశ్వరి కంట పడకుండా కొట్లో కూర్చుని రాశాను.

అనకాపల్లి, 6-5-1946

అన్నయ్యకు పరమేశ్వరి నమస్కారములు.

మీ బావగారి ఉత్తరం పోస్టులో వెయ్యమని కొట్టు గుమాస్తాకిస్తే, అతను తెచ్చి నాకిచ్చాడు. చదివి, నాది కూడా అదే కవరులో పెడుతున్నాను.

కోపం లేదంటే అబద్ధమవుతుంది. చాలా ఉంది. నా పెళ్లినాడు నాన్న నిన్ను పీటల దగ్గరకు పిలిచి ఆ జాగా నాకిమ్మంటే సరేనన్నావు. మేళాల మోతలో అది మీ బావగారి చెవిన పడలేదు. చెల్లెళ్లిద్దరికీ వాళ్ల వంతు ఇమ్మన్నారు. నెల తిరక్కుండానే ఆయన పోయారు, నువ్వు మరిచిపోయినట్టు ఊరుకున్నావు. అడిగితే పుట్టిల్లు దూరమవుతుందని నేనూ నోరు మూసుకున్నాను. ఇన్నాళ్లూ ఎంత బాధపడ్డానో నీకు తెలీదు.

ఇప్పుడు నువ్వు సాక్షులతో రాయించింది అబద్ధం కాదు, మీరిద్దరూ అబద్ధం రాయబోయి రాసిన నిజం. నాదైన జాగాకు డబ్బు తీసుకోవడం ధర్మం కాదు. ఆ రెండు వేలూ చెల్లెళ్లకు చెరి సగం ఇచ్చెయ్యి. వాళ్లను నీ ఇంటికి వెళ్లమని రాసింది నేనే. ఇవ్వందే కదలరు.

గృహప్రవేశానికి వదినతో రా. నిన్ను చూడాలని ఉంది.

నీ చెల్లెలు
కన్యకాపరమేశ్వరి

తా.క.: గోదాము లేకపోతే ఉండలేనని మీ బావగారు ఒకటే గోల. సరే, పెరట్లో రెండు సెంట్లు నా దగ్గర కొనుక్కోమన్నాను. ధర ఇంకా చెప్పలేదు. స్టాంపులు మాత్రం కొన్నవాళ్లే పెట్టుకోవాలట, రైటరు గారిని కనుక్కున్నాను.