నవ్వకూడని సభ

నాటక సమాజం కార్యదర్శి గారికి,

నిన్న మా తమ్ముడి సంస్మరణ సభకి మనవరాలిని తోడు తీసుకుని వచ్చాను. రెండు గంటల నలభై నిమిషాల్లో పదకొండు ఉపన్యాసాలు విన్నాను. అందరూ వాణ్ణి "గంభీరమూర్తి" అన్నారు. కాలేజీలో కామర్సు పాఠం చెబుతూ పిల్లలకంటే ముందు తనే పగలబడి నవ్వే ప్రొఫెసరు గంభీరమూర్తా? వింటుంటే వెగటు పుట్టింది.

అంతకంటే రోత ఇంకొకటి చూశాను. మావాడికి నివాళిగా నాటిక వేద్దామని వేషం వేసుకుని వచ్చిన మీ సమాజం పెద్ద నటిని, "సంతాప సభలో హాస్యనాటిక ఏమిటమ్మా, వెళ్లి మొహం కడుక్కోండి" అని మీరే పంపేశారు. ఆ నాటిక రాయించింది మావాడు. మీ స్టేజీ మీది తెరా లైట్లూ వాడిచ్చినవే. అయినా ఏనాడూ ముందు వరసలో కూర్చోలేదు. ఎందుకురా అంటే, "వెనక ఒకడు గట్టిగా నవ్వితే ముందున్న పెద్దమనుషులకి ధైర్యం వస్తుందక్కా" అనేవాడు. ఆ ఒక్కడూ పోగానే మీ ధైర్యమూ పోయిందన్నమాట.

ఆవిడకి క్షమాపణ చెప్పి, వచ్చే ఆదివారం ఆ నాటిక వేయించండి. కుదరదంటే హాల్లో తగిలించిన వాడి ఫోటో దింపి ఉంచండి. సంచీ తెచ్చుకుని నేనే పట్టుకుపోతాను. ఆ ఏడుపుగొట్టు మొహాల మధ్య వాణ్ణి వదలలేను.

ఇట్లు,
ప్రొఫెసరు గారి అక్క